మూత విరిగిన కెటిల్

హాలిఫాక్స్‌లో, రైలు వంతెన కింది వీధిలో
కెటిళ్ళ కంపెనీ మూడో అంతస్తున
డోరీన్ ఆక్రాయిడ్ ఉత్తరాలకు జవాబులు రాసేది.

మూత విరిగిందని మూతే పంపేవారు కొందరు
పాత పేపర్లో చుట్టి, టీ మరకతో సహా.
ఒకాయన మాత్రం కెటిల్ బాగానే ఉందన్నాడు.
ఇద్దరికి సరిపడా నీళ్ళు పట్టడం
చెయ్యి మానుకోవడం లేదట.
దానికి ఏ ఫారమూ లేదు.
డోరీన్ రెండ్రోజులు ఊరుకుని
ఒక్క వాక్యం రాసింది:
"మిగిలిన నీళ్ళు చల్లారనివ్వండి, తొందరేం లేదు."

తర్వాత తెర వచ్చింది, చాట్ వచ్చింది.
స్టాంపుల సొరుగులో ఇప్పుడు ఛార్జర్లు.
ఆమె పాత జవాబులన్నీ స్కాన్ చేసి
యంత్రానికి మేత వేశారు.
ఆమెకు కేకు కోసి
మెట్ల దాకా వచ్చి సాగనంపారు.

నిన్న రాత్రి రెండింటికి
ఇంట్లో కెటిల్ స్విచ్ పడలేదు.
నిద్ర ఎటూ రాదు కదా అని
ఫోన్లో ఫిర్యాదు కొట్టింది.
మూడు చుక్కలు ఎగిరెగిరి పడ్డాయి:

"మిగిలిన నీళ్ళు చల్లారనివ్వండి, తొందరేం లేదు.
మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

నీళ్ళసలు కాగితేగా.

కళ్ళద్దాలు తుడుచుకుని
కామా మీద వేలు పెట్టి చూసింది.
తనదే.
నాలుగిచ్చింది.