కట్టు

ప్రతి మార్చిలోనూ కట్టాను.
మొదటి ఏడు, పాప చెవికి మిషను పెట్టించిన ఏడు,
చీటీ పాటలో మిగిలినదాంట్లోంచి.
రెండో ఏడు జాకెట్లు కుట్టి.
నాలుగో ఏడు ఎట్ల కట్టానో నాకే గుర్తు లేదు,
రసీదు మాత్రం ఉంది
బియ్యం డబ్బా అడుగున, వేపాకు వాసనతో.

"చెయ్యని పనికి చందా ఏందిమే?"
అలిపిరి డిపోలో బస్సుల కింద పండుకొని లేచొచ్చిన మునిశేఖర్
చేతులకు కిరసనాయిలు రుద్దుకుంటా అడిగినాడు.
కోపం లేదు, లెక్క తేలలేదంతే.
నాకూ తేల్లేదు.

మాది పుత్తూరు.
ఎముక విరిగితే పసరాకు, గుడ్డు సొన, వెదురు దబ్బలు, పాతగుడ్డ.
ఆ కట్టు ఎముకను అతికించదు.
అతుక్కునేదాకా పట్టుకొని ఉంటుంది.
ఈ మాట అతనికి అప్పుడే చెప్పాల్సింది.
తోచలేదు.

వారానికి రెండుసార్లు వేలూరు బస్సు.
చిత్తూరు దాటగానే పాప నిద్రపోయేది, చెవి మిషను నా భుజానికి గుచ్చుకుంటా.
బల్లకు అవతలి వైపు కూర్చోడం అక్కడే నేర్చుకున్నా.
ఫారంలో 'తల్లి వృత్తి' అన్నచోట
మొదట ఫిజియోథెరపిస్టు అని రాసేదాన్ని,
తర్వాత ఫిజియో అని,
తర్వాత ఒక గీత.
మాటలు నేర్పే ఆ పిల్ల అనేది, "ఇంట్లో చేయించండమ్మా, రోజూ."
ఎంతమంది తల్లులకు నేనూ చెప్పి పంపానో ఆ మాట!
ఇంట్లో అంటే ఎన్ని గంటలో
నా బల్ల వైపు నుంచి కనపడేది కాదు.

బస్టాండులో మాత్రం కళ్ళు ఊరుకునేవి కావు.
మోకాళ్ళ పర్వతం ఎక్కి దిగినవాళ్ళు తెలిసిపోతారు.
బస్సు మెట్టును ఎదురుగా దిగరు,
పక్కవాటుగా, కమ్మీ పట్టుకొని,
పళ్ళ బిగువున ఒక గోవింద.
తొడ ముందు కండరం బలం లేదు, కుడికాలు దాచుకుంటున్నాడు,
అనుకునేదాన్ని లోలోపల.
ఎవరడిగారు నన్ను?

తొమ్మిదో ఏడు పాపే అనింది,
"సాయంత్రం నేనే వస్తా. నువ్వు ఆసుపత్రికి పో."
రెండు 'స'లూ నిఖార్సుగా పలికినాయి.
ఆ 'స' వింటా ఉండిపోయి
మాట రెండోసారి చెప్పించుకున్నా.

సంఘం ఆఫీసులో దొరస్వామి సారు ఫైలు తిప్పి, కళ్ళద్దాలు తీసి,
"సభ్యత్వం ఉందమ్మా. గంటలు లేవు" అన్నాడు.
ఒక కాగితం ఇచ్చినాడు: విరామానికి కారణం.
విరామం అని రాయబోతే విరుపు అని పడింది.
కొట్టేసి, కింద సంతకం చేశా.

ఇప్పుడు కొర్లగుంట క్లినిక్కులో యాస్మిన్ చేతికింద ఉన్నాను.
నా గంటలకు ఆమె సంతకం కావాల.
నేను డిగ్రీ పట్టా అందుకున్న ఏడు పలక పట్టిన పిల్ల.
"అక్కా, ఇప్పుడట్ల చెయ్యడం లేదు" అంటుంది.
చాలాసార్లు నిజమే.
ఒకట్రెండుసార్లు కాదు, అయినా ఊరుకుంటాను.

సిమెంటు కట్టు విప్పినాక లోపలి చెయ్యి చూశారా?
సన్నబడి, పొట్టు రేగి, పుల్లటి వాసనతో
ఇంకెవరిదో అరువు తెచ్చినట్టుంటుంది.
సొంత మనిషే సిగ్గుపడి పైట కిందికో, జేబులోకో దాస్తాడు.
నేనైతే ముందు గోరువెచ్చని నీళ్ళతో కడిగేదాన్ని.
వంచమనేది ఆ తర్వాతే.

నిన్న గురవయ్య వచ్చినాడు, కల్యాణకట్టలో తలనీలాలు తీసే మనిషి.
రోజుకు అరవై తలలు. కుడి బొటనవేలి మొదట్లో వాపు,
కత్తి పడితే మోచేతిదాకా మంట.
"ఎన్నాళ్ళు ఆపాల?"
"మూడు వారాలు."
మొహం వాడిపోయింది.
"మొత్తంగా మానేస్తే బిగుసుకుపోతుంది.
పొద్దున, మాపు, వేణ్ణీళ్ళలో పిడికిలి మూసి తెరువు. రోజూ.
పనిలేని రోజు కూడా."
యాస్మిన్ తలెత్తి చూసి, ఏమీ అనలేదు.

కట్టు కట్టాను. పట్టీ తిరగబడింది.
విప్పి మళ్ళా కట్టాను.
అంతసేపూ అతని చూపు నా నుదుటి మీదే.
"పాపిడి ఎడమకు పోయిందమ్మా" అన్నాడు, "ఒక నూలు."