ఉన్నచోటే

నాలుగింటికన్నాడు, టికెట్ల కౌంటరు దగ్గర.
నాలుగూ పదికి ఫోనులో గీతలన్నీ పోయాయి.
మూడు రోజుల వానకి టవర్లు మూగబోయాయని
గోడవార పూలమ్మే ఆవిడ తమిళంలో చెప్పింది,
కొళాయి నీళ్ళు రాలేదన్నంత మామూలుగా.

ఎగ్మోర్‌కి రెండు మొహాలు.
గాంధీ ఇర్విన్ రోడ్డు వైపొకటి,
పూనమల్లి హైరోడ్డు వైపొకటి.
రెండువైపులా కౌంటర్లున్నాయని
మాట్లాడుకున్న ఆ రెండు నిమిషాల్లో
ఇద్దరికీ తట్టలేదు.
పదకొండేళ్ళ తర్వాత మాట్లాడితే
ఇంకేం తడుతుంది?

వంతెనెక్కాను. దిగాను. మళ్ళీ ఎక్కాను.
నేనటు వెళ్ళేసరికి వాడిటు వస్తుంటే?
అడుగు తీసి అడుగేస్తే చెప్పుల్లో నీళ్ళు.
విల్లుపురం బండి వచ్చిందని ఒకరు, రాలేదని ఒకరు,
చెంగల్పట్టులోనే ఆపేశారని ఖాకీ చొక్కా ఒకడు.
ఉన్న కోపమంతా బయటికి తీసి చూసుకున్నాను.
ఎవరిమీద పెట్టాలో తెలీక
మళ్ళీ సంచిలో వేసుకున్నాను,
వాడికని తెచ్చిన చేగోడీల డబ్బా పక్కన.

అప్పుడు గుర్తొచ్చింది ప్యారిస్ కార్నర్.
నాకు తొమ్మిది, చెంగల్రాయుడికి ఆరు.
దీపావళి బట్టలకు పోతూ బస్సులోనే చెప్పింది అమ్మ:
"తప్పిపోతే ఉన్నచోటే ఉండాల.
అందరూ వెతుకుతా పోతే ఎవురూ దొరకరు."
ఆ రోజు వాడు తప్పిపోయాడు.
స్టీలు గిన్నెల కొట్టు మెట్టుమీద ముప్పావుగంట
ఏడవకుండా నిలబడ్డాడు.
చెయ్యి వదిలి కదిలింది నేనే.

ఈసారి కదల్లేదు.
సంచి కిందపెట్టి గోడకానుకున్నాను.
వాడూ అటువైపు
అమ్మ మాటే తలుచుకుని పాతుకుపోయుంటే?
నవ్వొచ్చింది. అయినా కదల్లేదు.

తడిసిన కనకాంబరాలు ఒక్కొక్కటీ విదిలించి
ఆవిడ దండ కడుతోంది, దారం పంటితో తెంపుతూ.
ఎవరి పిల్లాడో బొమ్మరైలు కావాలని
నిజం రైళ్ళకు వీపుపెట్టి ఏడుస్తున్నాడు.
నలుగురు దారి అడిగారు.
ముగ్గురికి సరిగ్గానే చెప్పాననుకుంటాను.
కొస పట్టుకోమంది పూలావిడ. పట్టుకున్నాను.

ఏడయింది.
వంతెన దిగే గుంపులో ఒక బట్టతల,
సంచి ఎడమ భుజానికి.
వాడో కాదో.
పదకొండేళ్ళలో వాడి జుట్టు సంగతి నాకేం తెలుసు?
పిలవబోయి చూస్తే
చేతిలో దారం బిగిసింది.
ఇంకో మూరే, ఉండమంది ఆవిడ.

ఉన్నాను.