చిటికెనవేలి నుంచి

పిడికిలి బొటనవేలితో మొదలుకాదు,
చిటికెనవేలితో.
మొదటిరోజు ఆయన చెప్పింది అంతే.
నాకప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు.
ఇతోమాన్ రేవులో ట్యూనా చేపలు కోసి కోసి
ఉప్పుకు అరచేతులు బీటలువారినదాన్ని.
వేళ్లు ముడవడం కూడా ఒకరు నేర్పాలా
అనుకున్నాను.

నకందకారి సెన్సే ముప్పై రెండేళ్లు బస్సు నడిపాడు,
నహా నుంచి ఇతోమాన్‌కి, ఇతోమాన్ నుంచి నహాకి.
డోజో అంటే ఆయనింటి వెనక
ఒకప్పటి టోఫు కొట్టు.
సోయా రుబ్బిన తిరగలి ఆనవాలు
నేలమీద ఇంకా గుండ్రంగా ఉండేది.
"అందులో నిలబడు" అన్నాడు.
నిలబడ్డాను.
ఏడాది.

సాన్‌చిన్ చూడ్డానికి ఉత్త నడకే.
కాలి బొటనవేళ్లు లోపలికి,
మోకాళ్లు మెత్తగా, మోచేతులు పక్కటెముకల కాపలాకి,
ఊపిరి బొడ్డు కిందకి దించి
దారప్పోగులా వదలాలి.
"నీ భుజాలు చెవులతో గుసగుసలాడుతున్నాయి,
దించు" అనేవాడు.
వెనకనుంచి వచ్చి అరచేత్తో వీపు చరిచేవాడు
పుచ్చకాయ కొనేవాడిలా.
"ఇంకా పచ్చి" అని వెళ్లిపోయేవాడు.

ఇసుక నింపిన జాడీలు,
మూతి అంచు అయిదువేళ్లతో పట్టి మోయాలి.
పట్టు జాడీ నేర్పింది.
విడుపు మాత్రం
వేళ్లు తిమ్మిరెక్కిన ఒక సాయంత్రం
జాడీ పగిలాక తెలిసింది.
ఇసుక నాచేతే ఎత్తించాడు, గింజ గింజా.

రెండో ఏడు బస్సెక్కించాడు.
రాత్రి ఆఖరి ట్రిప్పు,
స్టీరింగు మీద ఆయన పాత శిష్యుడు గీబో.
"కమ్మీ పట్టుకోకు."
చెరకుతోటల మలుపుల్లో రెండుసార్లు
కమే అనే ముసలమ్మ ఒళ్లో పడ్డాను.
ఆమె సంచిలోని కాకరకాయలు బస్సంతా దొర్లాయి.
మూడోసారి పడబోతుంటే
"మోకాళ్లు!" అని ఆమే అరిచింది.
సెన్సే కిటికీలోకి చూస్తూ అన్నాడు:
"బస్సుతో పోట్లాడకు.
మలుపు ముందు మడమలకు తెలియాలి,
తలకు అవే చెబుతాయి."

గడ్డితాడు చుట్టిన మకివారా పలక
గుద్దితే వంగుతుంది, వదిలితే లేస్తుంది.
వంగనిది గోడ.
గోడను గుద్దేవాడు
ఎముకల డాక్టరుకు చుట్టం.

మూడో ఏడు, జూన్ వానల్లో,
మంచు గోదాముల సందులో
ఒకడు నా మణికట్టు పట్టుకున్నాడు.
విడిపించుకోవడం నాకు తెలుసు.
లాగకూడదు, వాడి బొటనవేలి వైపు తిప్పాలి,
ఏ పట్టుకైనా తలుపు అక్కడే.
అన్నీ తెలుసు.
ఒక్కటీ గుర్తురాలేదు.
మంచు డబ్బా వాడి కాళ్లమీద పడేసి
పరుగెత్తాను, ఒక చెప్పు అక్కడే వదిలి,
తోక తొక్కిన పిల్లిలా కీచుమని.

మర్నాడు టోఫు కొట్టు గడపమీద కూచుని
అంతా చెప్పాను.
నడుంపట్టీ విప్పి పక్కన పెట్టాను.
టీ చల్లారేదాకా ఆయన మాట్లాడలేదు.
"చెయ్యి ఎలా ఊడింది?"
తెలీదన్నాను.
లేచి నా మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగానే.
"పరుగెత్తు."
చెయ్యి దానంతటదే తిరిగింది, మడమ నేలను తన్నింది,
డెబ్బై ఆరేళ్ల మనిషి
తిరగలి గుండ్రంలోకి వెనక్కి జారి
నవ్వాడు.

మెచ్చుకుంటాడేమోనని చూశాను.
"ఆ కేక మాత్రం బాగాలేదు" అన్నాడు.
"గొంతుది కాదు, బొడ్డు కిందిది కావాలి."
నలభైసార్లు అరిపించాడు.
పక్కింటి కుక్క మొదట బదులిచ్చి
తర్వాత విసుగుపుట్టి పడుకుంది.

ఆ కేక ఆయనకు ఇప్పటికీ నచ్చలేదు.

తెల్లవారుజామున వేలం గంట మోగగానే
కత్తి అందుకుంటాను.
ముందు చిటికెనవేలు ముడుస్తాను,
దాని వెనక మిగతావి వస్తాయి.
బొటనవేలు అన్నిటికన్నా ఆలస్యంగా,
ఇంట్లోవాళ్లంతా పడుకున్నాక
తలుపు వేసే మనిషిలా.