వాతావరణం కింద

హిద్ద్ రేవుల మూడో నంబరు డ్రైడాక్.
ఓడ పొట్ట కింద నిలబడి తుప్పు గీకుతం.
నీళ్లు లేని ఓడంటే
గట్టున ఎండేసిన చేప లెక్కనే, వాసన గూడ.

టైమ్ ఆఫీసుల కూసునేది కజేటన్ మామ, గోవాయన.
ముప్పై ఏండ్లు ఓడల మీద వంట చేసి
ఇప్పుడు మా హాజరు వండుతడు.

జులై. ట్యాంకులకెళ్లి బయటికొచ్చి
రాజనర్సు రెండుసార్లు కక్కి కూలవడ్డడు.
ఉరికిపోయి చెప్పిన: నర్సుకు పానం మంచిగ లేదు.
హిందీలనే చెప్పిన గని
పానం ఒక్కటి తెలుగులనే వచ్చింది.
మామ ఇంగ్లీషుల రాసుకున్నడు: అండర్ ద వెదర్.

వాతావరణం కిందనా? అదేం రోగం మామా,
అందరం దాని కిందనే ఉన్నం గదా?

ఆయన నవ్వలే. అద్దాలు తుడుసుకుంట చెప్పిండు:
తెరచాపల కాలంల గాలి కొట్టే పక్కను వెదర్ అనేటోళ్లట.
కడుపుల దేవినోన్ని మెట్లు దింపి
అడుగున పండవెట్టేటోళ్లట,
గాలీ వానా నెత్తి మీదనే ఉండంగ.
"ఇదొక కథ. ఇంకోటుంది.
కెప్టెన్ పుస్తకంల రోగుల గడి చిన్నదట.
నిండితే, మిగిలిన పేర్లు
పక్కన వాతావరణం గడిల రాసేటోళ్లట.
ఏది నిజమో! రెండూ ఒక ముసలి నావికుడు
తాగి చెప్పినయే."

మా దిక్కు ఇన్ని మలుపుల్లేవు.
పానం మంచిగ లేదంటే పానమే.
పడిశం పట్టినా అదే మాట,
పోయే ముందటా అదే మాట.
అందుకే ఫోన్ల అనం.
అవతలోళ్లకు నిద్ర పట్టదు.

పొద్దుగూకినంక పుస్తకం తెరిచిన.
ఎండ: నలభై ఎనిమిది.
మా పుస్తకంల అది యాభై ఎన్నడూ ఎక్కలే,
ఎందుకో మామకెరుక, నాకెరుక.
గాలి: షమాల్.
రోగుల గడిల తొమ్మిది గీతలు,
మనుషులు పన్నెండు.
దులాల్, ఇక్రముల్లా, ముత్తిలింగం...
తొమ్మిదో పేరు కాడ సిరా మచ్చ,
పెన్ను ఆగి ఆలోచించినట్టు.
ఆ తర్వాత పేర్లు పక్కకు జరిగినయి.
నలభై ఎనిమిది కింద,
షమాల్ కింద,
రాజనర్సు.

నీ రెండో కథే నిజం మామా, అన్న.
ఆయన పుస్తకం మూసి
నిమ్మకాయ పిండి, ఉప్పు రాల్చి
ఓడ వంటోని చేత్తో గిలకొట్టి
గిలాస నా చేతికిచ్చిండు. ఇయ్యి పో.

రాత్రి క్యాంపు డాబా మీద
నర్సు ఇంటికి మాట్లాడుతున్నడు.
ఒక్క మబ్బు తునక లేదు.
గొంతెందుకట్లున్నదని అడిగినట్టున్నది ఆమె.

"ఏం లేదే," అంటున్నడు,
"ఈడ మొగులే మంచిగ లేదు."