కిటికీ రెక్క మీద న్యూజిలాండ్

ఇంగ్లీషు మాట్లాడే దేశాలన్నీ
ఆరో తరగతి గోడ మీదికి రావాలని
పైనుంచి కాయితం వచ్చింది.
రంగులకు పదిహేను వందలు. కూలి సంగతి రాయలే.
కోస్గి బస్టాండు ఎనక పెయింటర్ ఉశెనప్పను పిలిపించిన.

ఎలక్షన్ గుర్తులు, ట్రాక్టరు నంబర్లు,
'ఇచ్చట మూత్రము పోయరాదు' రాసి రాసి
అరిగిన చెయ్యి ఆయనది.
అట్లాసును తిరగేసి, మరగేసి చూసి
"వీండ్లందరిది ఒకటే భాషనా సార్?" అన్నడు.
"ఒకటే."
"గొర్లను అదిలిచ్చేది గూడ?"
బి.ఇడి.ల ఎవరూ నన్ను అడగని ప్రశ్న.
"గూడ" అన్న నేను, అంత నమ్మకం లేకుండ.

మొదలు లండన్.
థేమ్స్ నదికే నీలం డబ్బ సగమైంది.
అంత నీలం ఉండదు, మట్టిరంగే అంటే
"మన వాగుల ఏడు నెల్లు మట్టే గద సార్,
గోడ మీదనన్న నీళ్లు పారనియ్యుండ్రి" అన్నడు.
పారనిచ్చిన.
పడవొస్తే నడిమికి చీలి
రెండు దిక్కులా పైకి లేచే వంతెనను
ఎడ్లను ఇప్పి, కాడి మీదికెత్తి
ఎదురెదురుగ నిలబెట్టిన రెండు బండ్ల లెక్క గీసిండు.
పెద్ద గడియారంల టైమెంత పెట్టాలె అంటే
పిల్లలంత ఒక్క గొంతుతోని
"ఒంటిగంట!"
అన్నం బెల్లు కొట్టే యాళ్ల అది.
లండన్‌ల ఇప్పటికీ ఒంటిగంటే.

నయాగరా కాడ పిల్లలు అడిగింది ఒక్కటే:
"గేట్లు ఎప్పుడు మూస్తరు సార్?"
జూరాల చూసొచ్చిన పిల్లలు మరి.

న్యూయార్కు ఒడ్డున దీపమెత్తిన మనిషి.
"ఎవల బరాత్?" అన్నడు ఉశెనప్ప.
పన్నెండేండ్లప్పుడు గ్యాస్ లైటు నెత్తిన మోసిండట,
పెండ్లికొడుకు గుర్రం ముంగట, తెల్లారేదాంక.
"ఇన్నేండ్లు ఎత్తిపట్టుకుంటె చెయ్యి గుంజదా?"
ఆమె భుజాన్ని జరంత దించి గీసిండు.
నేను చూసి గూడ చూడనట్టే ఉన్న.
పక్కన మిద్దెలు లేస్తుంటె
కాశప్ప గోడ దగ్గరికొచ్చిండు.
వాని నాయిన బొంబాయిల గిసొంటిదే కడ్తుండు,
ఇరువై రెండో అంతస్తు కాడున్నడు.
"మీది కిటికీలకు లైట్లు ఎయ్యకు తాతా,
ఆడ పనోళ్లు పండుకుంటరు."
నాలుగు కిటికీలు నల్లగనే ఉన్నయి.

సిడ్నీల సముద్రమొడ్డు నాటకశాల.
దాని కప్పును నేను గవ్వలన్న, తెరచాపలన్న.
సముద్రం ఎరుగని పిల్లలు
ఒకరి మొకాలొకరు చూసుకున్నరు.
వంటామె నాగేంద్రమ్మ గంటె పట్టుకోని తొంగిచూసి
"ఎల్లిపాయ రెబ్బలు గాదా" అని పోయింది.
పరీక్షల ఒక్కరు తప్పు రాయలే.

ఆస్ట్రేలియాతోనే గోడ అయిపోయింది.
ఇంకొకటున్నది ఉశెనప్పా, న్యూజిలాండ్.
చిన్నదే. మనుషులకంటె గొర్లెక్కువ.
సామాను సదురుకుంటున్న మనిషి ఆగిండు.
"గొర్లున్న దేశాన్ని ఇడ్సిపెట్టి పోతమా?"
పక్కనున్న కిటికీ రెక్క మీద గీసిండు
రెండు తునకలు,
తునకకు నాలుగు గొర్లు,
చెవులు యాలాడేటియి, ఎర్రటియి, మన దిక్కువి.

అప్పటిసంది గాలి లేచినప్పుడల్ల
రెక్క తెరుసుకోని, న్యూజిలాండ్ పోయి
సిడ్నీకి టపీమని తగుల్తది.
ఎల్లిపాయల సున్నం రాలుతది.

మొన్న తనిఖీకొచ్చిన సారు
న్యూజిలాండ్ ఎక్కడ అని కట్టె ఇచ్చిండు.
బీరప్ప కట్టె తీసుకోలే.
"కిటికీ ముయ్యాలె సార్."
మూసిండు. గదిల చీకటైంది.
దేశాలన్నీ మాసిపోయినయి.
ఎనక బెంచీ మీద ఎవడో
నాలికె అంగిటికి తగిలిచ్చి
టుర్‌ర్‌ర్... హోయ్ అన్నడు.
సారు కళ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.