లైనింగు

నేను లస్కరును డాక్టరమ్మా,
నిడ్జూరు కాడ, కేసీ కాలువకు.
నువ్వు గీసిన గొట్టం బొమ్మ సూస్తానే
సగం తెలిసిపొయ్యింది నాకు.

మా సుంకులమ్మ కాళ్ల మీద
వలేసినట్టు ఊదారంగు గీతలు.
సలికాలం అనుకుంటిమి.
దిష్టి అన్యారు. నెత్తురు చెడిందన్యారు.
నెత్తురొకటే కాదంటివి నువ్వు,
అది పారే గోడ గూడా.

లోపలి గోడ ఒక్క వరసేనంట,
కణం పక్కన కణం,
సున్నమూ లేదు, సిమెంటూ లేదు.
అయినా బేతంచెర్ల బండకు మెరుగు పెట్టినంత నునుపు.
"ఉత్త గోడ కాదు మద్దిలేటీ, బతికుండే గోడ.
గడ్డ కట్టొద్దని
పారే నెత్తురుకు చెప్తానే ఉంటాది" అంటివి.

ఆ మాట కాడ శానా సేపు ఆగిపోతి.

ఇరవై రెండేండ్లు నా పనీ అదే కదా.
పాచి గీకేది, తూటాకు పీకేది,
నడిరేయి షట్టరు కాడ
నీళ్ల సప్పుడు మారితే లేసేది.

ఇంగ కాపలాలోళ్లు.
సీకు మీదికి పోవల్సినోళ్లు
గోడకే అంటుకున్యారంట.
కంచే చేను మేసిందా అంటి.
నువ్వు తల అడ్డంగా ఊపితివి:
కంచెకు ఆకలి కాదు, గుర్తు తప్పింది,
సొంత చేను పరాయిదిగా కనపడింది.

అంటుకుంటే గోడ బెదురుతాదంట,
గరుకు తేలుతాదంట,
జారిపోయే నెత్తురును
చెయ్యి పట్టుకోని నిలేస్తాదంట.

ఒక గడ్డ పిక్కలో.
కడుపులవి నీకు చెప్పినా గదా,
నాలుగో నెల, ఐదో నెల, మళ్లా నాలుగు.
ఆయకట్టు కొసమడికి నీళ్లందనట్టు
అని నువ్వు చెప్పలే, నేనే అనుకుంటి.

మా యమ్మ దాన్ని గొడ్రాలన్నెప్పుడు
గేజీ పుస్తకంలో తల పెట్టుకోని కుచ్చుంటి.
కాపలా అంటే నాదీ కాపలానే.

మాత్రలు ఏస్తా ఉండాం.
పదైదు దినాలకొకసారి బస్సెక్కి
పెద్దాసుపత్రిలో నెత్తురిచ్చి వస్తాది.
ఆ అంకె నా గేజీ పుస్తకంలోనే రాస్తా,
కాలువ మట్టం పక్కన, రెండు పాయింటు నాలుగని.
ఏఈ సారు అడిగినాడు, ఇదేం తూమని.

ఆకుకూర మానొద్దు,
ఒకనాడు శానా, ఒకనాడు సున్నా వద్దంటివి.
మొన్న ఆదివారం మా యమ్మ
గోంగూర గ్లాసుతో కొలిచి
కోడలి తట్టలో ఏసింది.
ఏం మాట్లాడలే.
గ్లాసు కడిగి, బోర్లించి పెట్టింది.