మడత లేని కత్తి

శివాజీనగర్ గుజరీ వెనక సందులో
లారీ కమాను పట్టీని సాగగొట్టి చేశాడు నౌషాద్.
"ఎన్ని గుంతలు దిగి ఎక్కిందో ఈ ఇనుము,
ఇంక వంగమని అడక్కండి మేడమ్" అన్నాడు.
"నిప్పుకి మాత్రం చూపించొద్దు. పదును చస్తుంది."
బొటనవేలి గోరు మీద అంచు ఆనించాడు.
జారలేదు. ఆగింది.

నా ఇంట్లో అన్నీ మడిచేవే.
మంచం మడిస్తే సోఫా,
బల్ల మడిస్తే గోడ.
పదకొండేళ్లలో ఏడు అద్దె ఇళ్లు,
ఏడుసార్లూ ఒక్క టెంపోలో పట్టేశాను.
మడత లేని వస్తువు కొనడం ఇదే మొదలు.

మెట్రోలో ఎక్కనివ్వరు దీన్ని.
తువ్వాలు చుట్టి, స్కూటర్ డిక్కీలో పడుకోబెట్టి
చందాపుర సిగ్నల్ దగ్గర అరగంట పొగ తాగించి
ఆనేకల్లు అవతలికి తీసుకెళ్లాను.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని
మా విడాకులప్పుడు పెద్దలు ఒకటే చెప్పారు.
రెండింటి సంగతి నాకు తెలీదు గానీ
ఈ తోలు ఒర కొత్తది,
ఒక్కదానికే ఊపిరాడటం లేదు.

ఆఫీసులో హేమావతి మేనమామది ఆ జామాయిల్ తోపు.
ఎండుకట్టె అయితే సరే, పచ్చిది ముట్టొద్దని షరతు.
రాత్రి వాన పడింది. నేలంతా మెత్తగా, ఎర్రగా ఉంది.

ముందు చీల్చడం.
కట్టె నెత్తిన కత్తి నిలిపి
దుడ్డుకర్రతో దాని వీపు మీద కొట్టాను.
నాలుగో దెబ్బకి
లోపలెవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు.
కట్టె రెండయింది.
తైలం వాసన, దాని వెనకే
జలుబు చేసిన చిన్నప్పటి రాత్రి ఒకటి.

తర్వాత ఈకలు.
పుల్ల చివరిదాకా పొరలు చెక్కుతూ పోవాలి,
తెగకుండా, ఉంగరాలు తిరిగేలా.
నావి ఒక్కోటీ తెగి ఒళ్లో పడ్డాయి.
కత్తిని కాస్త నిలబెడితే కట్టెలో తల దూరుస్తుంది,
పడుకోబెడితే మీదమీద జారిపోతుంది.
అరచేతిలో పొక్కు లేచాక
మా మేనత్త కత్తిపీట గుర్తొచ్చింది.
అక్కడ కత్తి ఎక్కడికీ పోదు,
వంకాయే వస్తుంది.
పిడిని మోకాలికి బిగించి పట్టుకుని
కత్తిని వదిలేసి, పుల్లనే వెనక్కి లాగాను.
వచ్చింది,
పసిదాని ముంగురంత ఈక.

ఇంకో ఇరవై లాగి, రవ్వ రాల్చి, ఊది
ఇంత మంట చేసుకున్నానో లేదో
మోపు దించి ఎదురుగా నిలబడింది పిల్లమ్మ.
ఒక కాలు మునివేళ్ల మీదే ఉంది.

"ఏం చేస్తా ఉండావు?"
"కత్తిని పరీక్ష చేస్తున్నా."
"దానికేం తెలుసునని?"

అడక్కుండానే దుంగ మీద కూర్చుని
మడమ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.
"సర్కారు తుమ్మ ముల్లు. మూడు దినాలాయ.
నీ కండ్లు బాగుంటే తియ్యి."

నల్లటి చుక్క. చుట్టూ వాపు.
పొడుగు కట్టెని చీల్చిన చేయి
ఆ చుక్క ముందు వణికింది.
నౌషాద్ మాట గుర్తుండీ
మొనని మంటలో పెట్టాను.
పది లెక్కపెట్టి తీసి, చల్లార్చి
చర్మం పైపొర ఎత్తాను, ఈక లాగిన కోణంలోనే.
పిల్లమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది,
అరవలేదు. ఎవరినో పేరు పెట్టి తిట్టింది.

ముల్లు వచ్చింది.
వేళ్ల మధ్య పట్టి వెలుతురుకి చూసుకుని
"కత్తి మంచిదే. ఈ పనికి కొంచెం పెద్దదాయ" అంది.
పోతూ పోతూ, నేను చీల్చిన కట్టెలన్నీ
తన మోపులో వేసుకుంది.
నన్ను అడగలేదు. నేనూ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు రాత్రి పదిన్నర.
మంచం ఇంకా సోఫాగానే ఉంది.
ఆవనూనె గుడ్డతో తుడుస్తున్నాను.
మట్టి పోయింది, జిగురు పోయింది,
మొన దగ్గర గోరంత మేర
నీలం తిరిగింది మాత్రం పోవడం లేదు.
పదును చచ్చిందేమోనని గోరు మీద ఆనించాను.

జారుతుందో ఆగుతుందో తేలేలోపు
కింద ఫ్లాట్లో కుక్కర్ విజిలేసింది,
చేయి తీసేశాను.